బీఫార్మసీనా, ఫార్మ్‌డీనా?

ఈఏపీసెట్ ర్యాంకు వచ్చాక చాలా బైపీసీ విద్యార్థుల ఇళ్లలో మొదలయ్యే చర్చ ఇది. రెండూ మందుల చదువులే. దారులే వేరు.

బీఫార్మసీ నాలుగేళ్లు. మందుల తయారీ, నాణ్యత పరీక్షలు దీని సొంత రంగాలు. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఫార్మా పరిశ్రమలకు కావాల్సిన నైపుణ్యమిదే. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగానికీ పోటీ పడవచ్చు.

2008లో మన దేశంలో మొదలైన ఫార్మ్‌డీ ఆరేళ్లది; చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. రోగి వాడే మందులు ఒకదానికొకటి పడతాయా, మోతాదు సరిపోతుందా అని వార్డులోనే గమనించే చదువిది. ఎంతో విలువైన పని. అయితే క్లినికల్ ఫార్మసిస్టులను నియమించుకునే ఆసుపత్రులు మన దగ్గర ఇంకా తక్కువే. అందుకే చాలామంది మందుల దుష్ప్రభావాలను నమోదుచేసే ఫార్మకోవిజిలెన్స్ వైపు వెళ్తున్నారు.

పేరు ముందు ‘డాక్టర్’ కోసమే ఫార్మ్‌డీ తీసుకోవద్దు. ఆప్షన్లు పెట్టే ముందు కళాశాలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రికి స్వయంగా వెళ్లి, వార్డుల్లో విద్యార్థులు ఏం చేస్తున్నారో చూడండి.