మంథర గూని... అష్టావక్రుని గెలుపు

ముదిగొండ: శ్రీరామనవమి పందిట్లో నాటకం వేస్తే మంథర వేషగాడు వీపున గుడ్డల మూట కట్టుకుని వస్తాడు. వంగి నాలుగడుగులు వేయగానే జనం గొల్లుమంటారు. ఆ జనంలో నడుము వంగిన మనిషి కూర్చుని ఉంటే ఆ నవ్వు ఎవరికి తగులుతుంది? కైకకు దుర్బోధ చేసింది మంథర నోరే గాని, గూని కాదు గదా!

మన పురాణాల్లోనే మరో పాత్ర ఉంది. ఎనిమిది వంకరలతో పుట్టిన అష్టావక్రుడు బాలుడుగానే జనకుని కొలువులో వందిని వాదంలో ఓడించి తండ్రిని విడిపించుకున్నాడు. మహాభారతం అరణ్యపర్వం ప్రకారం అతని వంకరలు తీరింది గెలిచిన తర్వాతే.

పాత్రలను ఎలా మలచాలన్న ఆలోచన ఇతర దేశాల్లోనూ సాగుతోంది. 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక వేషం ఎంచుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. అందులో వీరులు యుద్ధానికి వాడే చక్రాల కుర్చీకి 2020లో సారా థాంప్సన్ నియమాలు రాశారు. కాళ్లు నయం కాకుండానే వీరుడు పోరాడవచ్చు.

ఈసారి పందిట్లో అష్టావక్రుని కథ ఆడితే, ఆ వేషం ఊళ్లోని వికలాంగ యువకునికే ఇస్తే బాగుంటుంది. ఇక మంథర అంటారా, వీపున మూట లేకపోయినా కథ నడుస్తుంది. కైక వరాలు అడగకపోతేనే నడవదు.