సెలయేటి కప్పకు బూజు తెగులు

కప్ప అంటే మనకు వానలు పడగానే చేలగట్ల మీద బెకబెకమనేదే. నీళ్ళు ఎండినా తేమ చూసుకుని కొన్నాళ్ళు నెట్టుకొస్తుంది. అయితే పుట్టింది మొదలు చచ్చేదాకా నీళ్ళు వదలని కప్పలు కూడా ఉన్నాయి. దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశంలో, మబ్బులు కమ్మే కొండ అడవుల సెలయేళ్ళలో బతికే సెహుయెంకాస్ నీటికప్ప అలాంటిదే.

2009లో దొరికిన ఒక మగకప్పను కొచబాంబా నగరంలోని మ్యూజియంలో తొట్టిలో పెంచారు. జోడీ కోసం దాదాపు పదేళ్ళు వెదికినా మరొకటి కంటపడలేదు. అందుకే దానికి రోమియో అని పేరొచ్చింది. చివరకు 2018 డిసెంబరులో మూడు మగవి, రెండు ఆడవి దొరికాయి. ఒక ఆడకప్పకు జూలియట్ అని పేరు పెట్టారు. కొత్త గేదెను తెస్తే నాలుగు రోజులు విడిగా కట్టేసినట్టే, వీటినీ ముందు వేరుగా ఉంచి బూజు రాకుండా చికిత్స చేశారు.

ఎందుకిలా తగ్గిపోయాయి?

మొదటిది బూజు తెగులు. కైట్రిడ్ అనే ఈ శిలీంధ్రం నీళ్ళ ద్వారా పాకుతుంది. నీటికప్ప చాలావరకు చర్మంతోనే గాలి పీలుస్తుంది. ఒంట్లో ఉప్పు, నీరు సరిచూసేదీ ఆ చర్మమే. దానికి బూజు పడితే ఒంట్లో లవణాలు తగ్గి గుండె ఆగిపోతుంది. ప్రపంచం మొత్తం మీద 500కు పైగా ఉభయచర జాతులను ఈ తెగులు దెబ్బతీసినట్టు 2019లో శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు.

రెండోది ట్రౌట్ చేప. బయటి నుంచి తెచ్చి వాగుల్లో వదిలిన ఈ చేప కప్ప గుడ్లను, తోకకప్పలను తినేస్తుంది. మూడోది అడవులు కొట్టడం, వాగులకు అడ్డుకట్టలు వేయడం.

మనం చేయగలిగింది

కప్ప పురుగుల్ని తిని రైతుకు కూలి అడగని పని చేస్తుంది. మన దేశం కూడా ఒకప్పుడు కప్పకాళ్ళు ఎగుమతి చేసింది. 1987లో దాన్ని నిషేధించారు. ఇక మిగిలింది మన చేతుల్లో పని. మందు కొట్టిన స్ప్రేయర్లు, డబ్బాలు వాగులో, చెరువులో కడగకండి. నిషేధంలో ఉన్న ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను పెంచకండి. గట్టు తెగి అది చెరువులో పడిందంటే మళ్ళీ ఏరి తీయడం ఎవరి తరమూ కాదు. అక్కడ ట్రౌట్ చేసిన పనే ఇక్కడ అది చేస్తుంది.