నడుం నొప్పి వస్తే కిడ్నీ పోయినట్టేనా?

ఉదయం ఓ.పి.లో కూర్చుంటే మధ్యాహ్నం లోపల చాలాసార్లు మా చెవిన పడే మాట ఒకటుంది. "బాబూ, నడుం లాగేస్తంది. కిడ్నీ గాని వచ్చీసిందేటో సూడండి." ఆ మాట అనేది పలాసలో జీడిపిక్కలు ఒలిచే అక్క కావచ్చు, టెక్కలి నుంచి వచ్చిన ఆటో డ్రైవరు కావచ్చు, భావనపాడులో వల లాగే అన్న కావచ్చు. చెయ్యి నడుం మీద ఉంటుంది, కళ్ళు మాత్రం మా ముఖం మీదే ఉంటాయి.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో 1990ల నుంచి ఈ జబ్బు ఇళ్ళను ఎలా కూల్చిందో ఈ పత్రిక చదివే కుటుంబాలకు మేము చెప్పనక్కరలేదు. డాక్టర్ టి. రవిరాజు గారి బృందం ఉద్దానంలో 2,210 మందిని పరీక్షించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి 18 మందికి కిడ్నీ జబ్బు కనబడింది. వారిలో ఎక్కువమందికి సుగరు వంటి తెలిసిన కారణం ఏదీ లేదు. నీళ్ళని కొందరు, ఎండలో చాకిరీ అని కొందరు, పురుగుమందులని కొందరు అంటారు. ఇదీ కారణం అని ఇంతవరకూ ఖాయంగా తేలలేదు.

అయినా ఒక మాట గట్టిగా చెప్పాలి. నడుం నొప్పి అని వచ్చేవారిలో చాలామంది కిడ్నీలు బాగానే ఉంటాయి. కిడ్నీలు నిజంగా పాడవుతున్న చాలామందికి నడుం నొప్పే ఉండదు. అసలు ఏ నొప్పీ ఉండదు. మనవాళ్ళు భయపడుతున్న చోట జబ్బు లేదు, జబ్బున్న చోట భయం లేదు.

ఒక వేసవిలో భార్యాభర్తలు వచ్చారు. నొప్పి భార్యకు. నీళ్ళ బిందెలు ఎత్తి ఎత్తి నడుం పట్టేసింది. కిడ్నీ వచ్చేసిందని వారం రోజులుగా ఏడుస్తోంది. వంగితే నొప్పి, పడుకుంటే తగ్గుతుంది, జ్వరం లేదు, మూత్రంలో మంట లేదు. అయినా ఆమె మనశ్శాంతి కోసం రక్తం పరీక్ష చేయించాము. బాగానే ఉంది. భర్త కొబ్బరిచెట్లు ఎక్కే మనిషి. "నాకేటీ లేదు సిస్టరమ్మా, రాయిలాగున్నాను" అని నవ్వారు. డబ్బులు కట్టడానికి చొక్కా జేబులో చెయ్యి పెడితే నోట్లతోపాటు ఒక మాత్రల షీటు కింద పడింది. ఏమిటని అడిగితే మోకాళ్ళకట. చెట్టెక్కితే పట్టేస్తాయి, పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి, మూడేళ్ళబట్టి వేస్తున్నారు. మందుల షాపులో అడిగితే ఇచ్చేస్తారు, చీటీ అక్కరలేదు.

అది డైక్లోఫెనాక్. ఆయనకూ రక్తం తీశాము. క్రియాటినిన్ 2.4 వచ్చింది. ఒంట్లో వాపు లేదు, మూత్రంలో ఆల్బుమిన్ కొద్దిగా మాత్రమే ఉంది, ఆకలి బాగానే ఉంది. ఆ రోజు భార్య కోసం రాకపోతే ఇంకా ఎన్నాళ్ళు తెలిసేది కాదో!

ఇక్కడ కాసేపు ఈ నొప్పి మాత్రల గురించి వివరంగా చెప్పుకోవాలి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ ఇవన్నీ ఒకే జాతి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేటట్టు రక్తనాళాలను తెరిచి ఉంచే పదార్థాలను మన శరీరమే తయారు చేసుకుంటుంది. నొప్పిని తగ్గించే క్రమంలో ఈ మాత్రలు ఆ పదార్థాలనే ఆపేస్తాయి. నీడలో కూర్చుని, కడుపునిండా నీళ్ళు తాగే ఆరోగ్యవంతుడికి రెండు మూడు రోజులు వాడితే సాధారణంగా ఏమీ కాదు. ఏప్రిల్ ఎండలో తోటలో పనిచేసి, చెమటంతా ఓడ్చి, సాయంత్రం ఒళ్ళు నొప్పులకు ఇదే మాత్ర మింగే మనిషి సంగతి వేరు. కిడ్నీకి అందే రక్తం అప్పటికే తగ్గి ఉంటుంది, మాత్ర దాన్ని ఇంకా తగ్గిస్తుంది. ఇలా రోజూ జరిగితే ఆలోచించండి.

పశువుల వైద్యంలో వాడిన ఇదే డైక్లోఫెనాక్ మన దేశంలో రాబందులను దాదాపు తుడిచిపెట్టేసింది. మందు వాడిన పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందులు కిడ్నీలు పాడై చనిపోయాయి. 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందును నిషేధించింది. మనిషి రాబందు కాడు, నిజమే. మన కిడ్నీ అంత సున్నితం కాదు. కాని ఉద్దానంలో పుట్టినవారు ఆ మాత్రతో ఆటలాడకపోవడం మంచిది. ఉద్దానం జబ్బుకు మాత్రలే కారణమని మేము అనడం లేదు. మాత్ర ఎన్నడూ ముట్టనివారికీ జబ్బు వచ్చింది. కాని ఇప్పటికే బలహీనపడిన కిడ్నీని ఇవి మరింత దెబ్బతీస్తాయన్నది నిజం.

నొప్పి మాత్రతోపాటు గ్యాస్ మాత్ర వేసుకుంటే చాలని కొందరి నమ్మకం. గ్యాస్ మాత్ర కాపాడేది కడుపును, కిడ్నీని కాదు. ఇంజక్షను చేయించుకుంటే కడుపులోకి వెళ్ళదు గనుక మంచిదన్నదీ అటువంటిదే. సూదితో ఎక్కించినా అది రక్తంలోకే వెళుతుంది, అక్కణ్ణుంచి కిడ్నీకే. షాపులో "పారాసిటమాలేనమ్మా" అని ఇచ్చే మాత్ర షీటును ఒకసారి వెనక్కి తిప్పి చదివించుకోండి. చాలాసార్లు పారాసిటమాల్‌తోపాటు ఎసిక్లోఫెనాక్ కూడా అందులో కలిసి ఉంటుంది. ఒట్టి పారాసిటమాల్ అయితే, చెప్పిన మోతాదులో, కిడ్నీకి వీటికంటే చాలా క్షేమం. సారా తాగేవారు, లివరు జబ్బున్నవారు మాత్రం దానికీ డాక్టరును అడగాలి.

మరి నడుం నొప్పి వస్తే ఏం చేయాలి? మామూలు నడుం నొప్పి కండరానిది, నరానిది. వంగినా, బరువెత్తినా ఎక్కువవుతుంది, భంగిమ మార్చితే మారుతుంది. చాలామందికి నాలుగైదు వారాల్లో దానంతట అదే నెమ్మదిస్తుంది. మంచం ఎక్కి పడుకోకండి, వీలైనంత తిరుగుతూ ఉండండి. వేడినీళ్ళ కాపడం పెట్టుకోండి. బిందెను నడుం వంచి కాకుండా మోకాళ్ళు వంచి ఎత్తండి. కిడ్నీలో రాయి నొప్పి ఇలా ఉండదు. డొక్కలో పుట్టి గజ్జలకు దిగుతుంది, అలలు అలలుగా వస్తుంది, మనిషి ఒక్కచోట నిలవలేక మెలికలు తిరుగుతాడు, వాంతి అవుతుంది, మూత్రం ఎర్రగా రావచ్చు. చలిజ్వరంతో డొక్క నొప్పి, మూత్రంలో మంట కలిసి వస్తే అది కిడ్నీకి పట్టిన ఇన్‌ఫెక్షను, ఆ రోజే రావాలి. కాళ్ళు బలహీనపడినా, మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా రాత్రి అని చూడకుండా వెంటనే రండి. నెలల తరబడి నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నుపూసకు టి.బి. ఉందేమో చూడాలి.

కిడ్నీ సంగతి తెలియాలంటే ఒకటే దారి, పరీక్ష. "యూరిన్ చూపించాం, ఆల్బుమిన్ లేదన్నారు" అని ధైర్యంగా ఉండేవారున్నారు. సుగరు వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో ఆల్బుమిన్ ముందుగా కనబడుతుంది. మన ప్రాంతపు జబ్బులో చాలాకాలం అది కొద్దిగానే ఉంటుంది, ఒక్కోసారి అసలే ఉండదు. అందుకే రక్తంలో క్రియాటినిన్ చూడాలి. ఆ రిపోర్టులోనూ ఒక మోసం ఉంది. 1.2 అని వస్తే "నార్మలే" అని కాగితం మడిచి దాచుకుంటాం. 25 ఏళ్ళ కుర్రవాడికి 1.2 అంటే కిడ్నీల పని లెక్క సుమారు 86, అంటే బాగానే ఉన్నట్టు. అదే 1.2 యాభై అయిదేళ్ళ ఆడమనిషికి వస్తే ఆ లెక్క సుమారు 53. మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువగా ఉంటే దాన్ని జబ్బుగానే చూడాలి. ఈ లెక్కను ఈ-జి.ఎఫ్.ఆర్. అంటారు. రిపోర్టులో లేకపోతే వేసివ్వమని అడగండి. అడిగితే ఎవరూ కోప్పడరు. ఉద్దానంలో ఇరవై ఏళ్ళు దాటిన ప్రతివారూ, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా జబ్బు ఉన్నవారు, ఏడాదికి ఒకసారి ఈ పరీక్ష చేయించుకోవడం మంచిదని మా అభిప్రాయం.

మిగతా బాధల గురించి రెండు ముక్కలు. జ్వరం వస్తే మొదట రక్తం చూపించండి. డెంగీలో పైన చెప్పిన నొప్పి మాత్రలు రక్తస్రావాన్ని కూడా పెంచుతాయి. నెలల తరబడి నోరు రుచి లేకపోవడం, వికారం, ఒళ్ళంతా దురద ఉంటే గ్యాస్ అనుకుని సరిపెట్టుకోకండి. బి.పి. మాత్ర వేసుకునేవారు తల తిరగడం లేదు కదా అని మానేయకండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున మాత్రం ఏ మాత్ర ఆపాలో మమ్మల్ని అడిగి తెలుసుకోండి.

కొబ్బరినీళ్ళ గురించి ఈ నేలమీద వ్యతిరేకంగా మాట్లాడడం మాకే ఇబ్బందిగా ఉంటుంది. కిడ్నీలు బాగున్నవారికి అవి చాలా మంచివి. జబ్బు ముదిరినవారి రక్తంలో మాత్రం పొటాషియం నిలిచిపోతుంది. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, పనసపండులోనూ తక్కువేమీ కాదు. అది హద్దు దాటితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. "నీరసంగా ఉన్నాడు" అని పేషెంటుకు ప్రేమతో బొండాం కొట్టి ఇచ్చే బంధువులు దయచేసి ముందు అడగండి. ఎండుచేప, ఊరగాయ ఉప్పు సంగతి అందరికీ తెలిసిందే.

మళ్ళీ ఆ కొబ్బరిచెట్ల మనిషి దగ్గరకు వద్దాం. రిపోర్టు చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న మందుల గురించి కాదు. "అమ్మాయికి సంబంధం కుదిరింది బాబూ. చీటీలో కిడ్నీ అని రాయకండి." కిడ్నీ ఇల్లు అంటే పిల్లనివ్వడానికీ, చేసుకోవడానికీ జనం జంకే రోజులు మేము చూశాము. ఇది అంటువ్యాధి కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆ జంకు పూర్తిగా పోలేదు. రాయకపోతే రేపు మరో డాక్టరు తెలియక అదే ఇంజక్షను ఇవ్వవచ్చని చెప్పాము. రాసి మడిచి ఆయన చేతికే ఇచ్చాము. మా నోటి నుంచి ఎవరికీ తెలియదని మాట ఇచ్చాము.

డైక్లోఫెనాక్ మాన్పించి, అవసరమైతే పారాసిటమాల్ వేసుకోమన్నాము. మోకాళ్ళకు కాపడం, కుర్చీలో కూర్చుని కాలు చాచే వ్యాయామం నేర్పాము. బి.పి. 150 ఉంటే మందు మొదలుపెట్టాము. చెట్లు ఎక్కే పని తెల్లవారుజామున ముగించుకుని, వెంట నీళ్ళ సీసా తీసుకెళ్ళమన్నాము. రెండు వారాలకు క్రియాటినిన్ 1.9కి దిగింది. అంతకంటే కిందికి రాలేదు, రాదేమో కూడా. ఒకప్పుడు ఇటువంటి మనిషికి విశాఖపట్నం తప్ప దిక్కు లేదు. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి గనుక, అవసరమైతే నెఫ్రాలజిస్టుకు చూపించడం ఇప్పుడు ఒక పూట పని. ఆయన రిపోర్టులన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఒకసారి వెళ్ళి వచ్చారు.

వైశాఖంలో పెళ్ళి అయింది. పెళ్ళిరోజు కూడా బి.పి. మాత్ర వేసుకున్నానని ఆ తరువాతి వారం వచ్చి చెప్పారు. మూడు నెలలకొకసారి వచ్చి రక్తం ఇచ్చి వెళుతున్నారు, ఇంతవరకు రెండుకు లోపలే ఉంది. తోడుగా వచ్చే భార్యకు నడుం ఇంకా అప్పుడప్పుడు పట్టేస్తూనే ఉంది.