డ్రైనేజీ చాంబరు పూడ్చే ముందు నీళ్లు నిలిపి చూడండి

తిరుత్తణి, తిరువళ్లూరు వైపు మనవాళ్లు పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కడుతున్నారు. నేలకు గ్రానైటా, టైల్సా అని నెలరోజులు మాట్లాడుకుంటారు. డ్రైనేజీ చాంబరు మాత్రం మేస్త్రీకే వదిలేస్తారు. మా సంఘ సభ్యులొకరి ఇంట్లో అలాగే అయింది. కార్తీక మాసం వానలకు బావినీళ్లు కంపు కొట్టాయి. తవ్వించి చూశాం. పైపు చాంబరులోకి దూరేచోట వేలు పట్టేంత సందు!

పివిసి పైపు నున్నగా ఉంటుంది, సిమెంటు దాన్ని పట్టదు. గోడలో పెట్టే భాగాన్ని గరుకు కాగితంతో రుద్ది, సాల్వెంటు సిమెంటు పూసి, పొడి ఇసుక చల్లి ఆరనివ్వాలి. ఇటుక గోడకు లోపలా బయటా ఒకటికి మూడు పాళ్ల పూత వేయించి వారం తడపండి. వానాకాలంలో ఊటనీరు బయటినుంచే లోపలికొస్తుంది మరి.

మట్టి పూడ్చకముందే పైపులకు బిరడాలు బిగించి చాంబరు నింపండి. ఇటుక కొంత తాగుతుంది. మర్నాడు మళ్లీ నింపి గీత గీయండి. ఆ మరుసటి రోజుకీ నీళ్లు గీత దగ్గరే ఉండాలి. మేస్త్రీ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

మూతను సిమెంటుతో అతికించేయకండి, అడ్డుపడిన రోజు పగలగొట్టాల్సి వస్తుంది. ఫ్రేము గాడిలో గ్రీజు నింపి కూర్చోబెడితే వాసన, దోమలు ఆగుతాయి. మేడమీది వాననీళ్లు ఇందులో కలపొద్దు. తమిళనాడులో 2003 నుంచి వాననీటి సేకరణ తప్పనిసరి, ఆ గుంటకే పంపండి.

అడ్డుపడితే పైనుంచే కడ్డీతో తీయించండి. లోతైన చాంబరులో విషవాయువు ఉంటుంది, మనిషిని దించకండి. రక్షణ లేకుండా మురుగులోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది.