మర్హాన్ నుంచి గభార్ దాకా: బస్తర్ నేలలు, సర్కారు లెక్కలు

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ పీఠభూమిలో నేల జిల్లా హద్దులను బట్టి మారదు, వాలును బట్టి మారుతుంది. ఒకే ఊళ్లో గుట్ట అంచు నుంచి వాగు దాకా నడిస్తే నాలుగు రకాల నేలలు కనిపిస్తాయి. పైన మర్హాన్. లోతు తక్కువ, గరుకు ఇసుక ఎక్కువ, వాన వెనకబడితే ముందు ఎండేది ఇదే. దాని కింద టిక్రా, ఆ కింద కొంత బంక కలిసిన మాల్, అడుగున నీరు నిలిచే గభార్. రైతులు పెట్టుకున్న ఈ పేర్లనే శాస్త్రవేత్తలు తమ నివేదికల్లో వాడుతున్నారు. ఆ వర్గీకరణ ప్రయోగశాల పరీక్షకు నిలిచింది మరి.

ఈ తేడాలకు మూలం రాయి, వాన. ఇక్కడి నేలలు ఎక్కువగా గ్రానైట్, నైస్ శిలలు చివికి ఏర్పడ్డాయి. ఏటా 1,300 మిల్లీమీటర్లకు పైగా కురిసే వాన కాల్షియం, మెగ్నీషియంలను కడిగేస్తుంది. మిగిలేవి ఇనుము, అల్యూమినియం. అందుకే మెరక నేలలు ఎర్రగా ఉంటాయి, ఆమ్ల గుణం చూపుతాయి. అలాంటి మట్టిలో వేసిన భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం పట్టేసుకుంటాయి కాబట్టి పైరుకు అందేది కొంతే. సన్నని బంకరేణువులు నీటితో పాటు జారి పల్లంలో చేరతాయి. పంటలూ ఈ వరుసలోనే నడిచాయి: పైన సామలు, చోళ్లు, వలిసెలు, ఉలవలు, కింద ఎక్కువ కాలం తీసుకునే వరి.

నేల సంగతి తెలియకుండా నేల మీద చట్టం చేయడం బస్తర్‌కు కొత్త కాదు. కొండవాలులో అడవి నరికి, కాల్చి, కొన్నేళ్లు సాగుచేసి వదిలేసే పోడును ఇక్కడ పెందా అంటారు. అప్పటి బస్తర్ సంస్థానంలోని అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలని 1905లో బ్రిటిష్ పాలకులు ప్రతిపాదించారు. వేట, అటవీ ఉత్పత్తులతో పాటు ఆ పోడు మీదా ఆంక్షలు పడ్డాయి. 1910లో నేతానార్‌కు చెందిన గుండాధుర్ నాయకత్వంలో భూమకాల్ తిరుగుబాటు లేవడానికి ఇదొక ప్రధాన కారణం. తిరుగుబాటు అణిచివేశాక రిజర్వు విస్తీర్ణాన్ని ప్రభుత్వమే తగ్గించుకుంది. జగదల్‌పూర్ దగ్గర కుమ్‌హ్రావంద్‌లోని వ్యవసాయ కళాశాలకు, పరిశోధన కేంద్రానికి ఇప్పుడు ఆ గుండాధుర్ పేరే ఉంది. రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం కింద నడిచే ఈ కేంద్రం అఖిల భారత మెట్ట వ్యవసాయ సమన్వయ పరిశోధనలో భాగస్వామి. ఆ పరిశోధనను నడిపించేది హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, వాడుకలో ‘క్రీడా’.

మట్టి శాస్త్రం పరిపాలనలోకి దిగిన మంచి ఉదాహరణ కూడా క్రీడా నుంచే వచ్చింది. అది జిల్లా వ్యవసాయ ప్రత్యామ్నాయ ప్రణాళిక. రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలతో కలిసి దేశంలో 600కు పైగా జిల్లాలకు క్రీడా వీటిని తయారుచేసింది. రుతుపవనాలు రెండు వారాలు ఆలస్యమైతే ఏం చేయాలి, నాలుగైతే ఏం చేయాలి, మధ్యలో వాన ముఖం చాటేస్తే ఏ పైరును ఎలా కాపాడాలి అన్నది పట్టికల్లో ఉంటుంది. అందులో మొదటి గడి నేలది: ఎలాంటి నేల, మెరకా పల్లమా. తర్వాత మామూలుగా వేసే పంట, మార్చాల్సిన పంట, సేద్యపు మెలకువలు. చివరి గడి అమలుది. విత్తనం, పనిముట్లు ఏ పథకం నుంచి రావాలో అక్కడ రాస్తారు. శాస్త్రవేత్త, అధికారి ఒకే కాగితం మీద కలిసే అరుదైన చోటు ఆ చివరి గడి. చదివేవాళ్లు మాత్రం మొదటి గడిని చూసినంత శ్రద్ధగా దాన్ని చూడరు. విత్తన గోదాములో సామల విత్తనం లేనప్పుడు మర్హాన్‌లో సామలు వేయమన్న సలహా కాగితం దాటదు.

కేంద్ర ప్రభుత్వం 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రారంభించిన సాయిల్ హెల్త్ కార్డు పథకానిది వేరే కథ. పన్నెండు గుణాలను పరీక్షించి ఎరువుల మోతాదు చెప్పడం దాని పని. నీటిపారుదల ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు, వర్షాధార భూముల్లో పది హెక్టార్లకు ఒక నమూనా చొప్పున తీశారు. పది హెక్టార్లంటే దాదాపు 316 మీటర్ల పక్క ఉన్న చతురస్రం. గోదావరి డెల్టాలో అంత చతురస్రంలో మట్టి పెద్దగా మారకపోవచ్చు. బస్తర్ వాలులో అందులోనే మర్హాన్ మొదలై గభార్ ముగిసిపోవచ్చు. అప్పుడు కార్డులో వచ్చే సగటు ఏ పొలానికీ చెందనిది. 2019–20లో బ్లాకుకు ఒక ఊరు చొప్పున ప్రతి కమతం నుంచీ నమూనా తీసే ప్రయోగం చేశారు. వాలు నేలలకు తగినది ఆ పద్ధతే.

కార్డు సరిగ్గా వచ్చినా మందు దొరకాలి. ఆమ్ల నేలకు తొలి మందు సున్నం. హెక్టారుకు రెండు నుంచి నాలుగు క్వింటాళ్ల పొడి సున్నాన్ని చాళ్లలో వేస్తే చాలని పరిశోధనలు చెబుతున్నాయి. దేశంలో భారీ రాయితీ మాత్రం యూరియాకు. 45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. యూరియా వాడకం నేలను మరికాస్త ఆమ్లంవైపే నెడుతుంది. సున్నానికి ఎరువుల రాయితీలో చోటు లేదు. ముడిరాయికి బస్తర్‌లో కొరత లేదు: కాంగేర్ లోయ జాతీయ పార్కులోని కుటుంసర్ గుహ ఏర్పడింది సున్నపురాయిలోనే. పార్కులోని రాయి ముట్టరానిది సరే, ఆ రాతి పొరలు పార్కు బయటా ఉన్నాయి.

అసలు పట్టు ధరది. ఛత్తీస్‌గఢ్ 2023–24 నుంచి ఎకరాకు 21 క్వింటాళ్ల దాకా వడ్లను క్వింటాలు 3,100 రూపాయలకు కొంటోంది. ఆ ఏడాది కేంద్రం మద్దతు ధర 2,183. అంత ఆదాయం పల్లంలో ఖాయంగా దొరుకుతుంటే రైతు మెరకనూ గట్లు పోసి మడిగా మార్చాలని చూస్తాడు. అందులో అతని తప్పేం లేదు. 2021లో రాష్ట్రం హైదరాబాద్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థతో ఒప్పందం చేసుకుని మిల్లెట్ మిషన్ తెచ్చింది. అరికలు, సామలకు క్వింటాలుకు 3,000 రూపాయలు ప్రకటించింది. మట్టిని బట్టి చూస్తే సరైన అడుగే. కానీ ఎకరా దిగుబడిలో చిరుధాన్యం వరికి చాలా దూరంలో ఆగిపోతుంది. క్వింటాలు ధరలు దాదాపు సమానమైనా ఎకరా ఆదాయాలు సమానం కావు.

వాతావరణ విధానంలో ఈ నేలల స్థానం ఇంకా అస్పష్టం. 2008 జాతీయ వాతావరణ కార్యాచరణ ప్రణాళికలోని ఎనిమిది మిషన్లలో సుస్థిర వ్యవసాయం ఒకటి. సాయిల్ హెల్త్ కార్డు దాని గొడుగు కిందే వచ్చింది. పారిస్ ఒప్పందానికి ముందు 2015లో భారత్ ఇచ్చిన హామీ మాత్రం 2030 నాటికి అడవులు, చెట్ల ద్వారా అదనంగా 250–300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన నిల్వ కల్పిస్తామని. సాగునేలలోని కార్బన్ ఆ అంకెలో లేదు. ప్రపంచం మొత్తం మీద చూస్తే వాతావరణంలోనూ మొక్కల్లోనూ కలిపి ఉన్న కార్బన్ కంటే మట్టిలో ఉన్నదే ఎక్కువ. బస్తర్‌లో లెక్క రెండు వైపులా ఉంది. మర్హాన్‌లో సేంద్రియ కార్బన్ పెంచుకునే వీలుంది. నీరు నిలిచిన గభార్ మడి నుంచి మీథేన్ వెలువడుతుంది. రెండింటికీ ఒకే సలహా పనికిరాదు.

కార్బన్ పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో 2020 జులై 20న మొదలైన గోధన్ న్యాయ్ యోజన కిలో పేడ రెండు రూపాయలకు కొని, వర్మీకంపోస్టుగా మార్చి రైతులకు అమ్మింది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది. పథకంలో లోపాలుంటే ఉండవచ్చు. మూడున్నరేళ్ల కంపోస్టుతో మెరక నేలలో ఏం మారిందో తేల్చాలంటే అవే పొలాల మట్టిని పదేళ్లపాటు వరసగా పరీక్షించాలి. దీర్ఘకాల ఎరువుల ప్రయోగాలు పరిశోధన కేంద్రాల మడుల్లో దశాబ్దాల తరబడి చేసేది ఈ పనే. ఆ ఓపికకు కావాల్సిన నిధి పథకంతో పాటు ముగిసిపోకుండా విడిగా ఉండాలి; దాని ఫలితం ధాన్యం ధర, రాయితీ నిర్ణయించే సమావేశానికి ముందే బల్ల మీదికి రావాలి.