ఎలక్ట్రిక్ గిటార్ కొంటున్నారా? పికప్స్ కంటే ముందు నెక్ చూడండి!

ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్, కెమెరా, బ్యాటరీ అన్నీ చూస్తాం. తీరా చేతిలోకి తీసుకున్నాక పట్టు కుదరకపోతే ఆ స్పెక్స్ అన్నీ ఉన్నా చిరాకే. ఎలక్ట్రిక్ గిటార్ విషయంలో ఇది ఇంకా ఎక్కువ. ఎందుకంటే వాయిస్తున్నంతసేపూ మీ ఎడమ చేయి నెక్ మీదే ఉంటుంది (లెఫ్ట్ హ్యాండర్లకైతే కుడి చేయి).

నా ఫస్ట్ గిటార్‌ను పికప్స్ చూసి ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేశాను. చేతులు చిన్నవి కదా అని బాగా సన్నటి నెక్ ఉన్న మోడల్ తీసుకున్నా. సౌండ్ సూపర్. కానీ పావుగంట బార్ కార్డ్స్ వాయిస్తే చాలు, బొటనవేలి మొదట్లో నొప్పి. ప్రాక్టీస్ చాలలేదేమో అనుకుంటూ రెండు నెలలు గడిపేశా. గిటార్ మానేద్దామనుకుంటున్న టైమ్‌లో ఫ్రెండ్ గిటార్ వాయించి చూశాను. దాని నెక్ కాస్త నిండుగా, గుండ్రంగా ఉంది. నొప్పి లేదు! మీరు అలా ఇరుక్కోకూడదంటే ఈ కింది విషయాలు చూసుకోండి.

నట్ విడ్త్: 1 మి.మీ. తేడా కూడా తెలుస్తుంది

నెక్ పైభాగంలో తీగలు కూర్చునే చిన్న పట్టీయే నట్. అక్కడి వెడల్పే నట్ విడ్త్. యమహా పసిఫికా 112లో ఇది 41 మి.మీ., ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో మోడల్‌ను బట్టి 42 నుంచి 43, గిబ్సన్ లెస్ పాల్‌లో 43 మి.మీ. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌లో దాదాపు 52 ఉంటుంది.

వేళ్లు లావుగా ఉండి, ఓపెన్ కార్డ్స్ పట్టుకుంటే పక్క తీగ మూగబోతోందా? 43 వైపు వెళ్లండి. బొటనవేలిని పైనుంచి తిప్పి లావు తీగ నొక్కే అలవాటుందా? 41, 42 హాయిగా ఉంటాయి.

అసలు కథ షేప్‌లో ఉంది

చాలామంది వెడల్పు చూసి ఆగిపోతారు. కానీ లెస్ పాల్ స్టాండర్డ్ 50స్, 60స్ మోడల్స్ రెండింటిలోనూ నట్ విడ్త్ 43 మి.మీ.లే. చేతిలో పట్టుకుంటే మాత్రం రెండు వేర్వేరు గిటార్లు! 50స్ నెక్ లావుగా, గుండ్రంగా ఉంటే 60స్ నెక్ సన్నగా ఉంటుంది. తేడా అంతా వెనక వైపు మందం, వంపులోనే.

* సి షేప్: ఎక్కువ గిటార్లలో కనిపించేది ఇదే. ఏది తీసుకోవాలో తెలియకపోతే ఇక్కడ మొదలుపెట్టండి.
* యు షేప్: భుజాలు నిండుగా ఉంటాయి. పెద్ద అరచేతులకు బాగుంటుంది.
* వి షేప్: వెనక మధ్యలో గట్టులా ఉంటుంది. బొటనవేలు పైకి వేసి వాయించేవాళ్లకు ఇష్టం. ఎరిక్ క్లాప్టన్ సిగ్నేచర్ స్ట్రాట్‌లో ఉండేది సాఫ్ట్ వి.
* స్లిమ్, ఫ్లాట్ షేప్: ఐబనేజ్ విజార్డ్ 3 నెక్ మొదటి ఫ్రెట్ దగ్గర 19 మి.మీ., 12వ ఫ్రెట్ దగ్గర 21 మి.మీ. మాత్రమే. స్పీడ్ సోలోలకు బెస్ట్.

చిన్న చేతులకు సన్నటి నెక్కే కరెక్ట్ అనుకోవద్దు. అరచేతికి ఆనుకోవడానికి ఏమీ లేకపోతే బొటనవేలితో మరీ గట్టిగా నొక్కేస్తాం. నాకు జరిగింది అదే. వేళ్లు ఫ్రెట్స్ దాకా సాగకపోవడమే మీ ప్రాబ్లమ్ అయితే స్కేల్ లెంగ్త్ చూడండి. స్ట్రాట్‌లో 648 మి.మీ., లెస్ పాల్‌లో దాదాపు 628. స్కేల్ తగ్గితే ఫ్రెట్స్ దగ్గరవుతాయి.

రేడియస్ సంగతేంటి?

ఇది ఫింగర్‌బోర్డ్ పైభాగం వంపు. పాత ఫెండర్లలో 7.25 అంగుళాలు, ఇప్పటి చాలా ఫెండర్లలో 9.5, గిబ్సన్‌లో 12. నంబర్ చిన్నదైతే వంపు ఎక్కువ, కార్డ్స్ ఈజీ. పెద్దదైతే ఫ్లాట్, స్ట్రింగ్ బెండ్స్ ఈజీ.

షాపులో ఐదు నిమిషాల టెస్ట్

1. కూర్చుని ఒకసారి, బెల్ట్ వేసుకుని నిలబడి ఒకసారి వాయించండి.
2. మొదటి ఫ్రెట్‌లో ఎఫ్ బార్ కార్డ్ పట్టుకుని నిమిషం పాటు స్ట్రమ్ చేయండి. బొటనవేలు లాగేస్తోందా?
3. ఓపెన్ కార్డ్‌లో ఒక్కో తీగా మీటి, అన్నీ మోగుతున్నాయో లేదో వినండి.
4. 12వ ఫ్రెట్ దాకా చేతిని జార్చండి. ఎక్కడైనా పట్టు మార్చాల్సి వస్తోందా?

ఒక జాగ్రత్త: తీగలు మరీ ఎత్తులో ఉంటే ఏ నెక్ అయినా కష్టంగానే అనిపిస్తుంది. 9.5 రేడియస్ గిటార్లకు 17వ ఫ్రెట్ దగ్గర ఫెండర్ సూచించే ఎత్తు సుమారు 1.6 మి.మీ. అంతకంటే బాగా ఎక్కువుంటే, సెటప్ చేయించి మళ్లీ ట్రై చేయండి.

ఆన్‌లైన్‌లోనే కొనాలా? ముందు ఫ్రెండ్స్ గిటార్లు రెండు మూడు వాయించండి. నచ్చినదాని నట్ విడ్త్, మందం, రేడియస్ రాసుకుని, వాటికి దగ్గరగా ఉన్న మోడల్ వెతకండి. రిటర్న్ పాలసీ చూడడం మర్చిపోవద్దు.

ఫైనల్ గా..

పికప్స్ తర్వాత మార్చుకోవచ్చు, ఆంప్ అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు. నెక్ అలా కాదు. స్క్రూలతో బిగించినదైతే మార్చొచ్చు కానీ ఖర్చెక్కువ. లెస్ పాల్‌లా జిగురుతో అతికించినదైతే దాదాపు మర్చిపోవాల్సిందే. అందుకే బడ్జెట్ ఎంతైనా, ముందు చేతికి నచ్చాలి. రోజూ చేతిలోకి తీసుకోవాలనిపించే గిటారే మీకు బెస్ట్ గిటార్.