పట్టుపోగుకు తగిన నునుపు

మా బరంపురంలో దేవాంగుల వీధుల్లో నడిచేవారికి మగ్గం చప్పుడు కొత్తకాదు. మా యింటికి నాలుగిళ్ల అవతల వొక పెద్దాయన వున్నారు. పట్టునేతలో తల పండినవారు. కండెలు చుట్టేచోట దారం ఆనుకొని జారిపోయే ఇత్తడి పట్టె వొకటి వారికి అరిగి గాట్లుపడింది. "నీ దగ్గరేదో మిషను వుందిట గదా, బాబూ" అంటూ వొక సాయంత్రం పాతముక్క పట్టుకొని వచ్చారు.

వున్నమాట నిజమే. పగలంతా ఫైళ్లతో కుస్తీపట్టే గుమాస్తాను. రాత్రిళ్లు వసారాలో చిన్న మిల్లింగు మిషనుతో కాలక్షేపం. లేతులో పని తిరుగుతుంది, వులి నిలిచివుంటుంది. యిందులో కత్తి తిరుగుతుంది, పని బల్లతోపాటు దానికిందుగా జరుగుతుంది. 1862లో అమెరికాలో జోసఫ్ బ్రౌన్ యీ మిషనుకు కొత్తరూపం యిచ్చింది బరమా ములుకుల మెలిగాడులు కోయడానికే. అంతకుముందు వాటిని మనుషులు కూర్చుని ఆకురాయితో రాసేవారట!

నాలుగంగుళాల ఇత్తడిపట్టె బిగించాను. వొకే వుక్కుముక్క వున్న ఫ్లైకట్టరు తగిలించి, నిమిషానికి ఆరువందల చుట్లమీద పెట్టి, చేతిచక్రం గబగబ తిప్పేశాను. పట్టె తళతళలాడింది. నాకూ కొంచెం గర్వం కలిగింది. మర్నాడే పెద్దాయన తిరిగివచ్చారు. "చూపుకు బాగుంది బాబూ, పోగును మాత్రం కొరికేస్తోంది. పొద్దుట్నుంచీ అతుకులు వేయడంతోనే సరిపోయింది" అన్నారు. వారి కోపం కన్న ఆ నెమ్మది నన్ను యెక్కువ బాధించింది. తెగిన పట్టు వెల, పోయిన పూట కూలి యెవరిస్తారు?

ఆ రాత్రి కాగితం పెన్సిలు తీశాను. లెక్కలు నా వృత్తే గదా. కత్తి వొక చుట్టు తిరిగేలోగా పని యెంత జరిగితే అంత దూరానికొక గట్టు మిగులుతుంది, దున్నిన చేనులో లాగ. ఆ జరుగుడును దానితోనే గుణించి, కత్తిమొన గుండ్రం వ్యాసార్ధానికి యెనిమిదింతలతో భాగిస్తే గట్టు యెత్తు వస్తుంది. నేను చక్రాన్ని సెకనుకు రెండుచుట్లు తిప్పాను. చుట్టుకు 2 మిల్లీమీటర్లు. అంటే కత్తి చుట్టుకు 0.4. మొన వ్యాసార్ధం చూస్తే 0.5. గట్టు యెత్తు మిల్లీమీటరులో నాలుగు వందోవంతులు! పట్టుపురుగు తీసే ఒంటిపోగు మందం వొకటి రెండు వందోవంతులే. పోగుకంటె పెద్ద రంపపుపళ్లమీద పట్టును లాగమన్నానన్నమాట. తళతళ చూసి మురిసిపోవడం కంటికి చాలు, పట్టుకు చాలదు.

ఎమెరీ కాగితం పెట్టి రుద్దకూడదా అని మిత్రుడొకడు అడిగాడు. రుద్దవచ్చు, కాని మెత్తని ఇత్తడిలో ఆ రవ్వలు దిగబడి కూర్చుంటాయి, పలక సమం పోతుంది. చేతిపనిమీద నాకు చిన్నచూపేమీ లేదు. మన గంజాం జిల్లా బెల్లగుంఠవారి ఇత్తడిచేప పొలుసు పొలుసుగా ఒళ్లు వంచి ఆడుతుంది. అది చేతి నేర్పే. ఆ చెయ్యి నాకు లేదు.

కత్తిమొనను నూరి 2 మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి గుండ్రం చేశాను. దాని ముఖం చదునుగా వుంచాను. ఇత్తడికి వాలుగా నూరిన కత్తి పెడితే అది లోనికి లాక్కుపోతుంది. నూనె అక్కరలేదు, ఇత్తడి పొడిగానే కోసుకుంటుంది. మిషను తల నిట్టనిలువుగా వుందో లేదో గడియారంవంటి డయల్‌గేజి కుదురుకు బిగించి, బల్లమీద చుట్టూ తిప్పి చూస్తే కొంచెం వాలి కనిపించింది! దాన్ని సరిచేసేసరికే గంటన్నర పట్టింది. కోతలో గీతలు రెండువైపులా ఒకదానినొకటి దాటుతుంటే తల సరిగా వున్నట్టు గుర్తు. జారుగాడుల మరలు బిగించి, కదలనక్కరలేని బల్లలన్నీ తాళం వేశాను. యిది చేయకపోతే మిషను కీచుమంటుంది; ఆ అరుపు అలలు అలలుగా లోహంమీద పడుతుంది.

చివరికోత మందం పదోవంతు మిల్లీమీటరు. అంతకన్న పలచన చేస్తే కత్తి కోయడం మాని రుద్దుతుంది. యీసారి చక్రం రెండు సెకన్లకు వొక చుట్టు. లోలోన వొకటీ రెండూ అని లెక్కపెడుతూ తిప్పాను. నడుమ ఆగితే అక్కడ మచ్చ. అప్పుడే మా ఆవిడ కాఫీ తెచ్చి పిలిచింది, పలకలేదు. ఆ అలక వేరేకథ. (ఇత్తడి రవ్వలు సూదుల్లా యెగురుతాయి. కళ్లద్దాలు లేకుండా యీ పని చేయవద్దు.)

లెక్కప్రకారం గట్టు యెత్తు మిల్లీమీటరులో వెయ్యోవంతుకు లోపే. అంచులు సన్న ఆకురాయితో గుండ్రంచేసి, నున్నని వుక్కుకడ్డీతో నొక్కి రుద్దాను.

పట్టె వారికి యిచ్చినప్పుడు పెద్దాయన దానికేసి చూడనేలేదు. కళ్లు మూసుకొని వొక పోగును దానిమీదుగా మెల్లగా లాగారు. యింకోసారి లాగారు. తరువాత జేబులోంచి రెండో రాట్నపు పాతపట్టె తీసి నా చేతిలో పెట్టారు.